రెక్క ఆడించకుండా గూడబాతు పైకి ఎలా పోతుంది?

మీరు అడిగింది ఇదీ: డిసెంబరులో పాపను తీసుకుని నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్ళారు. పొద్దున ఏడు గంటలప్పుడు గూడబాతులు (పెలికాన్లు) చెట్ల మీది నుంచి బరువుగా, రెక్కలు బలంగా కొట్టుకుంటూ లేచాయి. పదకొండు దాటాక అవే పక్షులు గుంపుగా గుండ్రంగా తిరుగుతూ, రెక్క ఆడించకుండానే కంటికి ఆనని ఎత్తుకు పోయాయి. "గాలిని కిందికి తోస్తేనే గదా పిట్ట పైకి పోయేది, తోయకుండా ఎట్లా పోతా ఉంది?" అని పాప అడిగింది. మీకు ఏం చెప్పాలో తోచలేదు.

సూటిగా చెప్పాలంటే: రెక్కకు రెండు పనులు. ఒకటి ఒంటి బరువును మోయడం, రెండోది పక్షిని ముందుకు నడిపించడం. రెక్క కొట్టుకోవడం ముఖ్యంగా రెండో పని కోసం. బరువు మోయడానికి రెక్క ఆడనక్కర్లేదు, దాని మీదుగా గాలి పారుతూ ఉంటే చాలు. పదకొండు గంటలకు మీరు చూసిన గూడబాతులు తమ చుట్టూ ఉన్న గాలిలో కిందికే జారుతున్నాయి. కానీ ఆ గాలి మొత్తం అంతకన్నా వేగంగా పైకి లేస్తోంది. పక్షి సెకనుకు ఒక మీటరు జారుతుంటే, గాలి సెకనుకు మూడు మీటర్లు లేస్తోందనుకోండి, రెండు మీటర్లు లాభం. ఆ లాభమే మీరు చూసిన ఎత్తు.

పాప అన్నది తప్పు కాదని కూడా చెప్పండి. కదలని రెక్క కూడా గాలిని కిందికి తోస్తూనే ఉంటుంది. అది ఎలాగో చెబుతాను.

నేను పశువైద్యుణ్ణి. నాయుడుపేట, కావలి, కందుకూరు వైపు ముప్పై ఏళ్ళు చేశాను. ఉద్యోగం ఆవులు, గేదెలు, గొర్రెలతోనే. అయితే దెబ్బ తగిలిన పక్షి దొరికితే జనం తెచ్చేది మా దగ్గరికే కాబట్టి గద్దలు, కొంగలు, గూడబాతులు చాలా నా చేతుల్లోకి వచ్చాయి. నేలపట్టుకు ఏటా చలికాలంలో వెళ్తాను. కింద చెప్పేవి చాలావరకు రెక్కను చేత్తో చాపి చూసి తెలుసుకున్నవే.

తుఫానుకు రేకుల కప్పులు లేచిపోవడం మన కోస్తాలో అందరూ చూసిందే. గాలి రేకును కింది నుంచి తన్నడం ఒక్కటే కాదు, పై నుంచి పీల్చేస్తుంది కూడా. కప్పు మీదుగా గాలి ఉరవడిగా పోయేటప్పుడు పైన ఒత్తిడి పడిపోతుంది. రెక్క కూడా ఇదే పని నిదానంగా, అదుపులో చేస్తుంది. రెక్క పైభాగం కొంచెం ఉబ్బుగా, ముందు అంచు కాస్త ఎత్తుగా ఉంటుంది. ఎదురుగా వచ్చిన గాలి రెక్కను దాటి వెనక్కి పోయేసరికి దాని దారి కిందికి వంగుతుంది. గాలిని అలా కిందికి మళ్ళించినందుకు రెక్కకు పైకి లేపే బలం వస్తుంది. పైన ఒత్తిడి తగ్గడం, గాలి కిందికి మళ్ళడం రెండు వేర్వేరు విషయాలు కావు, ఒకే పనిని రెండు వైపుల నుంచి చెప్పడమే.

ఇక్కడ ఒక మాట. రెక్క పైన పోయే గాలికి దూరం ఎక్కువ కాబట్టి, కింది గాలిని వెనకాల కలుసుకోవడానికి అది వేగంగా పరిగెత్తుతుందని చాలా చోట్ల రాసి ఉంటుంది. పిల్లలకు అలాగే నేర్పుతున్నారు. అది తప్పు. పైన పోయే గాలి, కింద పోయే గాలి ఒకేసారి కలవాలన్న నియమం ఏమీ లేదు. నిజానికి పైగాలి కలుసుకోవడం కాదు, ముందే వెళ్ళిపోతుంది. మీ పాపకు మాత్రం ఈ పాత లెక్క చెప్పకండి.

ఈ బలం వేగాన్ని బట్టి ఉంటుంది. వేగం రెట్టింపైతే లేపే బలం నాలుగింతలు. అంటే నెమ్మదిగా ఉన్నప్పుడే పక్షికి కష్టం. పొద్దున ఏడు గంటలకు మీరు చూసింది ఆ కష్టమే. గూడబాతు నాలుగు నుంచి ఆరు కిలోలు తూగుతుంది, రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు రెండు మీటర్ల పైనే. అంత పక్షి నిలుచున్న చోటి నుంచి లేవాలంటే, తనకు కావలసిన గాలిని తానే పుట్టించుకోవాలి. నేలపట్టులో గూళ్ళు నీళ్ళలో నిలిచిన కడప చెట్ల మీద ఉంటాయి కాబట్టి కొమ్మ మీది నుంచి ముందుకు వాలి, కాస్త కిందికి పడి, ఆ పడటంలో వేగం తెచ్చుకుంటుంది. నీళ్ళ మీద నుంచి లేచేటప్పుడైతే రెండు కాళ్ళూ ఒకేసారి నీటిని తన్నుతూ, రెక్కలతో చప్పుడు చేస్తూ కొంత దూరం పోతే గాని గాల్లోకి రాదు. పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు లోతు లేని నీళ్ళలో పరిగెత్తి పరిగెత్తి లేస్తాయి చూడండి, అదీ ఇందుకే. ఈసారి గమనించండి, వీలైనంతవరకు అన్నీ గాలికి ఎదురుగానే లేస్తాయి. ఎదురుగాలి ఉంటే అంత వేగం ఉచితంగా వచ్చినట్టే.

ఇక కొట్టుకునే రెక్క సంగతి. చాలామంది పక్షి రెక్కను పడవ తెడ్డు అనుకుంటారు, గాలిని వెనక్కి తోసి ముందుకు పోతుందని. అది కాదు. రెక్కను మీ చెయ్యి అనుకోండి. జబ్బ, ముంజేయి, మణికట్టు, అరచెయ్యి అన్నీ దానికీ ఉన్నాయి. జబ్బ ఎముక ఒంటికి దగ్గరగా ఈకల్లో దాగి ఉంటుంది. కూర్చున్న పక్షికి ముందు వైపు పొడుచుకొచ్చి కనిపించే వంపును మనం భుజం అనుకుంటాం, అది దాని మణికట్టు. ముంజేతికి అమరిన ఈకలు ఒంటిని మోస్తాయి. మణికట్టు నుంచి కొస దాకా, అంటే అరచేతి భాగానికి అమరిన పొడవాటి ఈకలు ముందుకు లాగుతాయి. రెక్క కిందికి దిగేటప్పుడు ఆ కొస భాగం కాస్త మెలి తిరుగుతుంది, దాంతో అక్కడ పుట్టే బలం పైకి మాత్రమే కాకుండా ముందుకూ వాలుతుంది. ఫ్యాను రెక్క వంకరగా ఉండబట్టే గాలి ఒక వైపుకు వస్తుంది కదా, అలాంటిదే. రెక్కను పైకి ఎత్తేటప్పుడు మణికట్టు మడిచి, రెక్కను చిన్నది చేసుకుని ఎత్తుకుంటుంది, గాలి అడ్డం తగలకుండా.

ఇంట్లో నాటుకోడి ఉంటే రాలిన రెక్క ఈక ఒకటి తీసి పాప చేతికివ్వండి. మధ్య ఈనెకు రెండు వైపులా వెడల్పు సమానంగా ఉండదు. సన్నగా, గట్టిగా ఉన్న వైపు గాలికి ఎదురుగా ఉండేది. వెడల్పు వైపు వెనక్కి. ఈకను వేళ్ళతో కింది నుంచి చీల్చమనండి, చీలిపోతుంది. మళ్ళీ కొస వైపుకు నిమిరితే అతుక్కుంటుంది. కంటికి కనపడని కొక్కేలు వేలకొద్దీ ఉంటాయి దానిలో, జిప్పు లాగా. పక్షి ముక్కుతో ఈకలు దువ్వుకుంటూ గంటలు గడిపేది ఆ జిప్పు వేసుకోవడానికే.

రెక్కను దించే కండరం ఎద మీద ఉంటుంది, అది మీకు తెలుసు. ఎత్తే కండరం వీపు మీద ఉండాలి కదా? కాదు, అదీ ఎద మీదే, దించే కండరం అడుగున. దాని నరంలాంటి తాడు భుజం దగ్గర ఎముకల మధ్య ఉన్న సందులోంచి పైకి పోయి, మళ్ళీ జబ్బ ఎముక పైభాగానికి తగులుకుంటుంది. బావి గిలకే అనుకోండి, చేంతాడును కిందికి లాగితే బక్కెట పైకి వస్తుంది. బరువంతా కిందనే ఉండటంతో పక్షి గాల్లో తూలిపోదు. ఇది ఇంట్లోనే చూడొచ్చు. కోడి ఎద మాంసం విడదీసేటప్పుడు పెద్ద ముక్క కింద ఎముకను ఆనుకుని సన్నగా, పొడుగ్గా, తెల్లటి నరంతో వేరే ముక్క వస్తుంది. రెక్కను ఎత్తే కండరం అదే. కోడి ఎద తెల్లగా ఉండటం, పావురం ఎద ముదురు ఎర్రగా ఉండటం కూడా రెక్క వాడకం వల్లనే. కోడి రెండు కొట్లు కొట్టి గోడెక్కి ఆగిపోతుంది. పావురం మైళ్ళ కొద్దీ ఆపకుండా కొట్టాలి, దాని కండరానికి ఆక్సిజన్ దాచుకునే ఎర్రటి పదార్థం నిండుగా కావాలి.

"రెక్కలు అంతసేపు చాపి ఉంచితే నొప్పి పుట్టదా?" అని పాప తర్వాత అడుగుతుంది. గూడబాతుల ఎద కండరంలో లోపలి పొర ఒకటి నెమ్మదిగా పనిచేసే పోగులతో ఉంటుంది. కొట్టడానికి పనికిరాదు గాని, రెక్కను చాపిన చోటే పట్టి ఉంచడానికి తక్కువ ఖర్చుతో చాలాసేపు పనిచేస్తుంది.

ఇప్పుడు పదకొండు గంటల గాలి. భోగిమంటలో కాలిన కాగితపు పొరలు గుండ్రంగా తిరుగుతూ ఇంటి కప్పు దాటి పోవడం చూసే ఉంటారు. వాటిని ఎవరూ విసరలేదు, వేడెక్కిన గాలి తేలికై లేస్తూ మోసుకుపోయింది. ఎండ పడ్డ నేల కూడా అలాగే చేస్తుంది, మంట లేకుండా. బీడు నేల, రోడ్డు, ఊరి కప్పులు ముందు వేడెక్కుతాయి. నీళ్ళు నిలిచిన వరిచేలు, చెరువులు అంత త్వరగా వేడెక్కవు. వేడెక్కిన చోటి నుంచి గాలి స్తంభంలాగా లేస్తుంది. అది అంత వెడల్పుగా ఉండదు కాబట్టి తిన్నగా పోతే పక్షి బయటపడిపోతుంది. లోపలే ఉండాలంటే గుండ్రంగా తిరగాలి. మీరు చూసిన చక్కర్లు అందుకే.

ఏళ్ళ కిందట దొరవారిసత్రం దగ్గర గొర్రెలకు టీకాలు వేస్తుంటే ఒక యానాది పెద్దాయన ఆకాశం చూసి అన్నాడు: "పొద్దెక్కితే గాని పెద్ద పిట్టలు లెయ్యవు సార్. నేల కాలినాకనే వాటికి నిచ్చెన పడద్ది." నేను ఎక్కడ చదివినా దీన్ని ఇంతకన్నా బాగా చెప్పినవాళ్ళు కనపడలేదు.

ఆ నిచ్చెన ఎక్కి గూడబాతులు చేసే పని ఏమిటంటే, ఎత్తుకు చేరాక రెక్కలు చాపుకునే పులికాట్ వైపు జారుకుంటాయి. నేలపట్టు నుంచి పులికాట్ సుమారు ఇరవై కిలోమీటర్లు. అక్కడ చేపలు పట్టి, మింగి కడుపులో పెట్టుకుని పిల్లల దగ్గరికి తిరిగి రావాలి. ఇంత బరువున్న పక్షి అంత దూరం రోజూ రెక్కలు కొట్టుకుంటూ పోయి వస్తే తెచ్చిన చేప దాని ఒంటికే సరిపోతుంది. నేలపట్టును 1976లో పక్షి కేంద్రంగా ప్రకటించారు, కానీ పులికాట్ చేప లేకపోతే, మధ్యలో ఈ వేడిగాలి లేకపోతే అక్కడ గూడు కట్టడం వాటికి గిట్టుబాటు కాదు. అందుకే నేలపట్టును ఒక్కదాన్నే కాపాడితే చాలదని నేను ఎప్పుడూ అంటాను.

ఒక సవరణ. సముద్రానికి దగ్గర్లో మధ్యాహ్నం చల్లటి సముద్రపు గాలి తిరగ్గానే ఈ స్తంభాలు బలం తగ్గుతాయి. మైపాడు, కొత్తపట్నం ఒడ్డున గరుడపక్షులు తేలుతూ కనిపిస్తాయి కదా, వాటిది వేరే ఉపాయం. సముద్రపు గాలి సరుగుడు తోటల వరసకు తగిలి పైకి మళ్ళుతుంది. పక్షి ఆ వరస మీదనే అటూ ఇటూ తిరుగుతుంది. అక్కడ చక్కర్లు పెద్దగా కొట్టవు, తోట వెంబడే పోతాయి. రెండూ తేడా పట్టగలిగితే గాలి ఎక్కడి నుంచి లేస్తోందో మీరే చెప్పగలరు.

గూడబాతు రెక్క కొసన ఈకలు వేళ్ళలాగా విడివిడిగా ఉంటాయి, గద్దకూ అంతే. రెక్క కింది ఒత్తిడి గాలి కొస దగ్గర పైకి ఎగబాకి సుడి తిరుగుతుంది, దాంతో శక్తి వృథా. ఆ వేళ్ళు ఒక పెద్ద సుడిని చిన్నచిన్నవిగా చీల్చి ఆ వృథాను తగ్గిస్తాయి. సాయంత్రం అవి వాలు వరసలో తిరిగి వచ్చేటప్పుడు ముందు పక్షి రెక్క కొసన లేచే ఆ గాలినే వెనక పక్షి వాడుకుంటుంది. శిక్షణ ఇచ్చిన గూడబాతులకు పరికరాలు కట్టి చూసిన ఫలితాలు 2001లో వచ్చాయి, వరసలో ఎగిరేవాటి గుండె ఒంటరిగా ఎగిరేవాటి గుండె కన్నా నెమ్మదిగా కొట్టుకుంది.

అన్ని రెక్కలూ ఇలా ఉండవు. పరజలకు ఒంటి బరువుకు రెక్క చిన్నది, అందుకే ఒక్క క్షణం ఆపకుండా కొట్టుకోవాలి, కానీ వేగం ఎక్కువ. పూరేడు పిట్ట కాలి కింది నుంచి బుర్రుమని లేచి యాభై గజాలకే వాలిపోతుంది, పొట్టి గుండ్రటి రెక్క దానిది. నలుపు తెలుపు లకుముకి పిట్ట కాలవ మీద ఒకే చోట నిలబడి రెక్కలాడిస్తుంది, తల మాత్రం మేకు కొట్టినట్టు కదలదు. గుడ్లగూబ రెక్క ముందంచున దువ్వెన పళ్ళలాంటివి, పైన మఖమల్ లాంటి నూగు ఉండి చప్పుడు లేకుండా చేస్తాయి. నీటికాకి గట్టున రెక్కలు చాపుకుని నిలబడేది ఆరబెట్టుకోవడానికి, దాని ఈకలు తడుస్తాయి, తడిస్తేనే మునగడం సులువు.

మీరు అడగకపోయినా రెక్క దెబ్బల గురించి చెప్పాలి, ఎందుకంటే సంక్రాంతి వస్తోంది. రెక్క ముందంచున భుజం నుంచి మణికట్టు దాకా పల్చటి చర్మపు పొర తెరచాపలాగా బిగుసుకుని ఉంటుంది. రెక్కకు ఆ ఒంపు వచ్చేది దానివల్లే. ఒకసారి కావలిలో ఒక గద్దను తెచ్చారు. ఎముకలన్నీ తడిమి చూశాను, ఒక్కటీ విరగలేదు. అయినా ఎగరడం లేదు. ఈకలు తడిపి పక్కకు తీస్తే ఆ పొర రెండంగుళాల మేర కోసుకుపోయి ఉంది, అంచులో గాలిపటాలకు కట్టే నైలాన్ మాంజా దారం ఇంకా ఉంది. కుట్టాను, రెక్కను ఒంటికి ఆనించి కట్టాను. ఐదో రోజు నుంచి రోజూ కట్టు విప్పి మెల్లగా చాపేవాణ్ణి, లేకపోతే పొర ముడుచుకుపోయి బిగుసుకుంటుంది, ఇక ఎప్పటికీ పూర్తిగా తెరుచుకోదు. నాలుగో వారంలో అటవీ శాఖ వాళ్ళ సమక్షంలో వదిలాం. రెండు కొట్లు కొట్టి కానుగ చెట్టెక్కింది, కాసేపు కూర్చుని తర్వాత ఎటో పోయింది. ఆ మాంజాను 2017లోనే దేశమంతా నిషేధించారు. దయచేసి కొనకండి, కొనేవాళ్ళకు చెప్పండి.

రెండోది నా తప్పు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గూడబాతు పిల్ల వచ్చింది, జబ్బ ఎముక విరిగి బయటికి కనిపిస్తోంది. దూడ గాయాన్ని కడిగినట్టే సెలైన్‌తో ధారగా కడిగాను. నిమిషాల్లో ఊపిరాడక చచ్చిపోయింది. పక్షి జబ్బ ఎముక లోపల బోలుగా ఉండి ఊపిరి సంచులతో కలిసి ఉంటుంది, నేను పోసిన నీళ్ళు నేరుగా అక్కడికి పోయాయి. ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు. పక్షి రెక్క విరిగి గాయం తెరుచుకుని ఉంటే దాని మీద నీళ్ళు పోయకండి. పొడి గుడ్డ కప్పి, గాలి ఆడే అట్టపెట్టెలో చీకటిగా ఉంచి, అటవీ శాఖకు గాని దగ్గర్లోని పశువైద్యుడికి గాని అందించండి. నోట్లో నీళ్ళు కూడా పోయొద్దు. ఇంట్లో పెంచుకోవడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

ఈకలు మాత్రమే తెగితే అంత టెన్షన్ పడనక్కర్లేదు. ఒంగోలులో ఒకాయన పావురాలకు ఒక వైపు రెక్క ఈకలు కత్తిరించేవాడు, ఎగిరిపోకుండా. పాత ఈకలు రాలి కొత్తవి రాగానే అవి మామూలుగా ఎగిరాయి. అయితే పెరుగుతున్న ఈకలో నెత్తురు ఉంటుంది, దాన్ని కోస్తే ధారగా కారుతుంది.

మళ్ళీ నేలపట్టు వెళ్ళినప్పుడు లేవడమే కాదు, దిగడం కూడా పాపకు చూపించండి. దిగేటప్పుడు వేగం తగ్గాలి, తగ్గితే రెక్క మోయడం మానేస్తుంది. ఇరుకు పని అది. అప్పుడు పక్షి రెక్కను బాగా నిక్కించి, తోక విప్పి, రెండు కాళ్ళూ ముందుకు చాస్తుంది. సరిగ్గా ఆ క్షణంలో మణికట్టు వంపు దగ్గర చిన్న ఈకల గుత్తి ఒకటి పైకి లేస్తుంది. అది దాని బొటనవేలు. ఆ సందులోంచి దూరిన గాలి రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని పోతుంది, పక్షి ఢబీమని పడకుండా ఆఖరి రెండు సెకన్లు కాపాడుతుంది. వాచ్ టవర్ మీద సాయంత్రం నాలుగు తర్వాత నిలబడండి. బైనాక్యులర్స్‌ను ఎగిరే పక్షి వెంట తిప్పకుండా, ఒకే గూటి మీద పెట్టి వేచి ఉండండి. పులికాట్ నుంచి వచ్చే గూడబాతు మీ చూపులోకే వచ్చి దిగుతుంది, ఆ వేలు లేవడం పాపకు కనిపిస్తుంది.